విడుదల వేళ

'విడుదల' అనే మాట తెలుగువారికి అనేక సందర్భాలలో వినబడుతుంది. శిక్షాకాలం ముగిసిన ఖైదీ విడుదలవుతాడు. చలనచిత్రం విడుదలవుతుంది. పరీక్షా ఫలితాలు విడుదలవుతాయి. అయితే కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పరిసర గ్రామాలలో ఆ మాట చెవిని పడగానే రైతు మనస్సులో మెదిలేది కాలువకు నీటి విడుదల. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా రైతు ప్రశ్న మాత్రం మారలేదు. నీరు ఎప్పుడు వదులుతారు? వదిలిన నీరు మన పొలం దాకా వస్తుందా?

కంప్యూటర్ల కాలంలో ఈ మాటకు ఇంకొక అర్థం వచ్చి చేరింది. ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, పరీక్షించి, ప్రజల వినియోగానికి అందించడాన్ని కూడా విడుదల అనే అంటున్నారు. మెట్ట రైతు అడిగే ఆ రెండు ప్రశ్నలే సాఫ్ట్‌వేర్ విడుదలకూ వర్తిస్తాయి. ఎప్పుడు? ఎవరి దాకా? ప్రపంచం నలుమూలల ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నిర్మించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ ప్రశ్నలకు సమాధానం కనుగొనడం చిన్న పని కాదు. దానిని అర్థం చేసుకోవడానికి కాలువ గట్టు మంచి బడి.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతానికి పాలేరు, మునేరు వంటి ఏరులున్నాయి. దక్షిణాన కృష్ణానది పారుతోంది. అయినా ఇది ప్రధానంగా మెట్టభూమి. పత్తి, మిరప, అపరాలు ఇక్కడి రైతుకు అలవాటైన పంటలు. నది పక్కనే ఉన్నా నీరు ఎత్తుకు ఎక్కదు గనుక, ఎగువన ఆనకట్ట కట్టి కాలువ ద్వారా తేవలసి వచ్చింది. నందికొండ వద్ద ఆ ఆనకట్ట రావాలని పట్టుబట్టి కృషి చేసినవారిలో అగ్రగణ్యుడు ఈ ప్రాంతంవాడే. ఆయన జగ్గయ్యపేట సమీపంలోని ముక్త్యాల సంస్థానానికి చెందిన రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కుడి, ఎడమ కాలువలకు నీరు విడుదల చేశారు.

లాల్‌బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ మొదట పాత నల్లగొండ జిల్లా భూములను, తరువాత ఖమ్మం జిల్లా భూములను తడిపి, ఆ పిమ్మట గాని కృష్ణా జిల్లాలో అడుగుపెట్టదు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కాలువ తల ఒక రాష్ట్రంలోను, చివరి భాగం మరొక రాష్ట్రంలోను ఉండిపోయాయి. ఆనాటి నుండి ఏ రాష్ట్రానికి ఎంత నీరన్నది కృష్ణా నది యాజమాన్య బోర్డు ముందు తేలవలసిన విషయమైంది. ప్రాజెక్టు కోసం కలలుగన్న ప్రాంతమే దాని శివారుగా మిగిలింది.

కాలువ చిట్టచివరి భూములను రైతులు శివారు భూములంటారు. తల దగ్గర తూము ఎత్తిన వెంటనే శివారుకు నీరు రాదు. దారిలో ప్రధాన కాలువ నుండి మేజరు కాలువకు, అక్కడి నుండి మైనరు కాలువకు, చివరికి పంట బోదెకు నీరు పంచుకుంటూ పోవాలి. ఎగువ రైతు తనకు పంపిణీ అయినదానికన్నా కొంచెం ఎక్కువ తీసుకున్నా, మెట్ట పంట వేయవలసిన చోట వరి నాటినా, ఆ లోటు తగిలేది దిగువవానికే. ఎగువవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. అతని కంటికి కాలువ నిండుగానే కనిపిస్తుంది. ఇంకాస్త తీసుకుంటే ఏమవుతుందని అనుకుంటాడు. అటువంటి 'ఇంకాస్త'లు వంద కలిసేసరికి శివారు బోదె ఎండిపోతుంది.

దీనికి పెద్దలు కనుగొన్న విరుగుడు వారబందీ. ఫలానా రోజులు ఈ మేజరుకు, ఫలానా రోజులు ఆ మేజరుకు అని ముందుగా వంతులు నిర్ణయించి, వంతు ముగియగానే తూము దించివేస్తారు. సాగునీటి నిర్వహణలో రైతులకు భాగస్వామ్యం కల్పిస్తూ 1997లో వచ్చిన చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఈ బాధ్యతలో పాలు ఇచ్చింది. వారబందీలో రెండు మేలులున్నాయి. తేదీ ముందే తెలుస్తుంది కనుక రైతు నారు ఎప్పుడు పోయాలో, అసలు వరి జోలికి పోవాలో లేదో నిశ్చయించుకోగలుగుతాడు. ఎగువవాడికి తన వంతు మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఉంటుంది కనుక ఇప్పుడే అంతా తోడుకోవాలనే ఆత్రం తగ్గుతుంది. ఈ రెండవ మేలును గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌వేర్ విడుదలలోని మర్మమంతా అందులోనే ఉంది.

ఇక ఓపెన్ సోర్స్ సంగతికి వద్దాం. సాఫ్ట్‌వేర్ మూలరచనను దాచిపెట్టకుండా అందరికీ అందుబాటులో ఉంచి, చదువుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి స్వేచ్ఛనిచ్చే పద్ధతి ఇది. 1991లో ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆండ్రాయిడ్ చేతిఫోన్ల అంతర్భాగంలోనూ ఆ లినక్స్ కెర్నెలే పనిచేస్తోంది. ఇటువంటి ప్రాజెక్టులలో కొందరు జీతానికి పనిచేస్తారు. మరెందరో తీరిక వేళల్లో ఇష్టంతో చేస్తారు. ఒకరు బెర్లిన్‌లో, ఒకరు బెంగళూరులో, ఒకరు బ్రెజిల్‌లో ఉంటారు. వారిలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు.

అటువంటి చోట విడుదల తేదీని నిర్ణయించడం ఎవరి తరం? కర్మాగారంలో యజమాని ఆజ్ఞాపించగలడు. కాలువ మీద ఇంజనీరు తూముకు తాళం వేయించగలడు. స్వచ్ఛంద కార్యకర్తను 'శుక్రవారంలోగా పూర్తిచేయి' అని శాసించే అధికారం ఎవరికీ లేదు. అతడికి పరీక్షలుండవచ్చు, ఇంట్లో పెళ్ళి ఉండవచ్చు, లేదా విసుగే పుట్టవచ్చు. ఈ చిక్కు వల్ల మొదట్లో చాలా ప్రాజెక్టులు 'సిద్ధమైనప్పుడే విడుదల' అనే సూత్రాన్ని పాటించాయి. నాణ్యత మీద మమకారంతో పుట్టిన ఆ సూత్రం వినడానికి గౌరవప్రదంగానే ఉంటుంది. ఆచరణలో దాని కష్టం బయటపడింది.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర నిలబడిన ప్రయాణికుడికి ఈ కష్టం సులభంగా బోధపడుతుంది. షేరు ఆటో నిండితే గాని కదలదు. ఇద్దరు తక్కువైతే ఇంకొంచెం ఆగుతుంది. ఆ ఇద్దరూ వచ్చేలోగా ఎక్కినవారిలో ఒకడు విసిగి దిగిపోతాడు. మళ్ళీ లెక్క తప్పుతుంది. ఆర్టీసీ బస్సు వేళకు బయలుదేరుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు తరువాతి బస్సు చూసుకుంటాడు. తరువాతి బస్సు ఎప్పుడో తెలిసినంత కాలం బస్సు తప్పిపోవడం పెద్ద నష్టం కాదు. తరువాతి బస్సు ఉందో లేదో తెలియనప్పుడే జనం ఈ బస్సుకు వేలాడుతారు.

సాఫ్ట్‌వేర్‌లోనూ జరిగింది అదే. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 తరువాత 2.6 రావడానికి 2003 డిసెంబరు దాకా పట్టింది. 1993లో ప్రారంభమైన డెబియన్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టు 2002 జులైలో ఒక విడుదల చేసి, తరువాతిది అందించేసరికి 2005 జూన్ వచ్చింది. విడుదలల మధ్య దూరం పెరిగేకొద్దీ ప్రతివాడూ తన కొత్త అంశాన్ని ఈ విడుదలలోనే చేర్చాలని పట్టుబడతాడు. ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి కదా అన్నది అతని న్యాయమైన భయం. కొత్త అంశం చేరితే కొత్త లోపాలు చేరతాయి. లోపాలను సరిచేయడానికి మరికొంత కాలం పడుతుంది. ఆ కాలంలో ఇంకొకరి కొత్త అంశం సిద్ధమై తలుపు తడుతుంది. ఆలస్యమే ఆలస్యానికి కారణమయ్యే విషవలయమది. ఎగువ రైతు 'ఇంకాస్త'కు, ఈ కార్యకర్త 'ఇదొక్కటి'కి తేడా లేదు.

ఈ వలయాన్ని ఛేదించడానికి కొన్ని ప్రాజెక్టులు బస్సు పద్ధతిని ఎంచుకున్నాయి. ఏమేమి చేర్చాలన్నది ముందు నిర్ణయించి తేదీ కోసం ఎదురుచూడటం మాని, తేదీని ముందు నిర్ణయించి అప్పటికి సిద్ధమైనవాటినే చేర్చడం ఈ పద్ధతి. కంప్యూటరు తెరను, కిటికీలను, పట్టికలను తీర్చిదిద్దే గ్నోమ్ ప్రాజెక్టు 2003 నుండి ఆరు నెలలకొక విడుదలను అలవాటుగా చేసుకుంది. 2004 అక్టోబరులో తొలిసారి వెలువడిన ఉబుంటు తన సంఖ్యలోనే సంవత్సరాన్ని, నెలను పొదిగింది, 4.10 అంటే 2004వ సంవత్సరం పదవ నెల అని అర్థం. లినక్స్ కెర్నెల్ కూడా పాత పద్ధతిని విడిచి, దాదాపు తొమ్మిది పది వారాలకొక విడుదల చేయసాగింది. అందులో మొదటి రెండు వారాలే కొత్త అంశాలను స్వీకరిస్తారు. ఆ తరువాత తలుపు మూసి, వారం వారం పరీక్షా ప్రతులను వెలువరిస్తూ లోపాలను మాత్రమే సరిచేస్తారు. డెబియన్‌కు నాయకత్వం వహించిన మార్టిన్ మిఖెల్మేయర్ ఈ విషయం మీదనే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 2007లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. తేదీ అందరికీ ముందే తెలిసి ఉన్నప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు ఒకరినొకరు అడుగడుగునా సంప్రదించుకోవలసిన అవసరం తగ్గుతుందన్నది ఆయన చూపిన ముఖ్యాంశాలలో ఒకటి. ఆజ్ఞాపించే యజమాని లేని చోట క్యాలెండరే అందరినీ కలిపి ఉంచే సూత్రమవుతుంది.

అయితే తేదీని ప్రకటించినంత మాత్రాన పని జరిగిపోదు. నీటి విడుదలకు ముందు పూడిక తీయించాలి, తూములు చూసుకోవాలి, వంతులు వ్రాయించాలి. అదే విధంగా సాఫ్ట్‌వేర్ విడుదలకు ముందు ఒక్కొక్క తూమునూ వరుసగా దించుకుంటూ రావాలి. మొదట కొత్త అంశాలు చేర్చడం ఆపివేస్తారు. తరువాత తెర మీద కనిపించే రూపంలో మార్పులు ఆపుతారు. ఆ పిమ్మట తెర మీది మాటలను, వాక్యాలను మార్చడం ఆపుతారు. చివరి రోజులలో అతి ముఖ్యమైన లోపాలను సరిదిద్దడం తప్ప మూలరచనను ఎవరూ ముట్టుకోరు. దీనిని ఆ రంగంలో 'ఫ్రీజ్' అంటారు. గడ్డకట్టించడమని మనం చెప్పుకోవచ్చు.

ఈ తూములకు కాపలా కాసే వ్యక్తి విడుదల నిర్వాహకుడు. కాలువ మీద లస్కరు చేసే పనిని పోలినది అతని పని. అతడు వ్రాసే మూలరచన తక్కువ. చెప్పవలసిన 'కాదు'లు ఎక్కువ. గడువు దాటిన రెండు రోజులకు ఒక ఆప్తమిత్రుడు మంచి పనితనంతో చేసిన అంశాన్ని తీసుకువస్తాడు. అది నిజంగా ఉపయోగకరమైనదే. దానికోసం ఆ మిత్రుడు ఎన్నో రాత్రులు మేల్కొన్నాడు. జీతం లేని మనిషిని నిరాశపరిస్తే మళ్ళీ రాకపోవచ్చు. అయినా నిర్వాహకుడు 'దీన్ని తరువాతి విడుదలలో చేర్చుదాం' అనవలసి వస్తుంది. ఆ మాట అనగలగడానికి అతనికున్న బలం ఒక్కటే, తరువాతి విడుదల కూడా చెప్పిన వేళకు వస్తుందన్న నమ్మకం. ఒక్కసారి ఆ నమ్మకం చెడితే అతని 'కాదు'కు విలువ పోతుంది.

ఇంత కఠినంగా గడువు పాటించడం ఎవరి కోసం? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే మళ్ళీ శివారుకే చేరుకుంటాం. సాఫ్ట్‌వేర్ కాలువకు శివారులో ఉన్నవారు పరీక్షకులు, వివరణలు వ్రాసేవారు, అందరికన్నా చివర అనువాదకులు. తెర మీది వాక్యం ఇంగ్లీషులో స్థిరపడితే గాని అనువాదకుడు దాన్ని తెలుగులోకి తేలేడు. ఎగువన ఆలస్యమైన ప్రతి రోజూ అతని గడువులో నుంచే తరిగిపోతుంది. అతడు వాక్యాన్ని తెలిగించిన తరువాత ఎవరో ఇంగ్లీషులో ఒక పదం మార్చితే చాలు, ఆ అనువాదం సరైనదిగా చెల్లదు. తెలుగు వాక్యం ఉండవలసిన చోట మళ్ళీ ఇంగ్లీషు వాక్యం ప్రత్యక్షమవుతుంది. అందువల్లనే గ్నోమ్ వంటి ప్రాజెక్టులలో మాటలు గడ్డకట్టిన తరువాత ఒక్క వాక్యం మార్చాలన్నా అనువాదకుల బృందం అనుమతి కోరాలి. శివారు రైతుల సమ్మతి లేనిదే వారబందీని మార్చరాదన్నంత గొప్ప నియమం అది.

తెలుగు అనువాదకుని పని మాటకు మాట పెట్టడం కాదు. దస్త్రం, తెరువు, భద్రపరచు వంటి మాటలు ఎవరో కూర్చుని ఆలోచించి, వాదించి, స్థిరపరచగా తెర మీదికి వచ్చినవి. ఇంగ్లీషులో 'ఓపెన్' అనే మాట ఒంటరిగా కనిపిస్తే, అది 'తెరువు' అనే ఆజ్ఞా, 'తెరచి ఉన్న' అనే విశేషణమా అన్నది సందర్భం చూస్తే గాని తెలియదు. 'రైట్' అంటే కుడివైపు కావచ్చు, హక్కు కావచ్చు, ఒప్పు కావచ్చు. సందర్భం తెలుసుకోవాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూడాలి. నడిపి చూడటానికి వ్యవధి కావాలి. వ్యవధి లేనప్పుడు పుట్టే అనువాదాలే చదువరికి నవ్వు తెప్పించి, 'కంప్యూటరుకు తెలుగు పనికిరాదు' అనే అపోహకు కారణమవుతాయి. ఆ నింద తెలుగు మీద పడుతుంది గాని, తప్పు కాలపట్టికది.

గ్నోమ్ ప్రాజెక్టులో ఒక భాషకు పూర్తి మద్దతు ఉన్నదని చెప్పడానికి కనీసం 80 శాతం వాక్యాలు అనువాదమై ఉండాలనే కొలమానం పెట్టుకున్నారు. జీతం తీసుకునే అనువాదకులున్న పెద్ద భాషలకు అది కష్టం కాకపోవచ్చు. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రివేళ అనువదించే కొద్దిమంది మీద ఆధారపడిన భాషకు ఆ అంకెను ప్రతి ఆరు నెలలకూ నిలబెట్టుకోవడం ఏటికి ఎదురీదడమే. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' వంటి సంస్థలు కళాశాల విద్యార్థులను కూడగట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటివి తెలుగులో లభించడం వెనుక ఉన్నది ఇటువంటి స్వచ్ఛంద శ్రమే. లిబ్రెఆఫీస్ ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో కొత్త రూపం తెస్తుందని ముందే తెలియడం వల్ల అనువాదకుడు తన పరీక్షలకు, పండుగలకు, ఉద్యోగానికి మధ్య ఆ పనికి చోటు కల్పించుకోగలడు.

శివారును మరచిన విడుదల ఎలా పరిణమిస్తుందో తెలుగువారికి అనుభవపూర్వకంగా తెలిసిన సందర్భం ఒకటుంది. ఇది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు చెందినది కాకపోయినా ఇక్కడ చెప్పుకోదగినది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం, కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు, దాన్ని చూపించబోయిన అనువర్తనం కుప్పకూలిపోయేది. జ్ఞానమనే మాటలో మొదటి అక్షరాన్ని ఆ సాఫ్ట్‌వేర్ భరించలేకపోయింది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసింది. కోట్ల మంది మాట్లాడే భాషలోని ఒక సంయుక్తాక్షరం విడుదలకు ముందు జరిగిన పరీక్షల కంట పడకపోవడమే ఇక్కడ గమనించవలసిన విషయం.

అయితే తేదీని ఎట్టి పరిస్థితిలోనూ మార్చకూడదా? ఈ ప్రశ్నకు ఉబుంటు చరిత్రలో చక్కని సమాధానం దొరుకుతుంది. 2006 ఏప్రిల్‌లో 6.04 అనే సంఖ్యతో రావలసిన విడుదలను, దాన్ని నడిపించే మార్క్ షటిల్‌వర్త్ ఆరు వారాలు వాయిదా వేయాలని ప్రతిపాదించారు. దీర్ఘకాలం మద్దతు ఇవ్వబోయే తొలి విడుదల అది. అదనపు పరీక్షలకు, మెరుగులు దిద్దడానికి, భాషల అనువాదానికి ఆ వ్యవధి అవసరమని ఆయన చెప్పారు. ప్రతిపాదనను ముందుగానే బహిరంగంగా చర్చించి, కొత్త తేదీని నిర్ణయించి, జూన్ 1న దానిని విడుదల చేశారు. సంఖ్య కూడా 6.06గా మారింది. ఈ వాయిదాలో మూడు సుగుణాలున్నాయి. కారణాన్ని దాచలేదు. కొత్త తేదీ లేకుండా పాత తేదీని చెరపలేదు. దొరికిన వ్యవధిని కొత్త హంగులకు కాక శివారు పనులకు ఇచ్చారు. నీరు తక్కువైన ఏడాది ముందుగానే చెప్పి ఆరుతడి పంటలు వేసుకోమనే అధికారిని రైతు నిందించడు. వస్తుంది వస్తుందని చెప్పి నారు ఎండిపోయాక చేతులెత్తేసినవాడినే నిందిస్తాడు.

తొందర ఎంత ప్రమాదమో 2024లో ప్రపంచానికంతటికీ తెలిసివచ్చింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. దస్త్రాల పరిమాణాన్ని కుదించే ఈ సాధనం అసంఖ్యాకమైన లినక్స్ కంప్యూటర్లలో అంతర్భాగం. దాన్ని చాలాకాలం పాటు ఒకే వ్యక్తి తీరిక వేళల్లో నిర్వహించాడు. విడుదలలు ఆలస్యమవుతున్నాయని కొందరు అపరిచితులు ఆయనను పదేపదే ఒత్తిడి చేశారు. సహాయకుడిగా చేరిన మారుపేరు వ్యక్తి ఒకరు రెండేళ్ళకు పైగా ఓపికతో నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం పొంది, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల విడుదలలలో రహస్య ద్వారం అమర్చాడు. పెద్ద లినక్స్ పంపిణీలు తమ తూములు దించేలోపు ఆ కొత్త రూపాన్ని చేర్చుకోవాలని ఒత్తిడి కూడా వచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో ఒక ప్రవేశ ప్రక్రియ సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించి, కూపీ లాగి, మార్చి 29న విషయం బయటపెట్టారు.

ఆ అర సెకను మీద శ్రద్ధ పెట్టిన మనిషి లేకపోతే పరిణామం ఊహించలేము. మరొక రక్షణ కాలపట్టికలోనే ఉంది. డెబియన్ స్థిర విడుదలలోకి ఆ విషం చేరలేదు. పరీక్షలో ఉన్న రూపాలలోనే ఉండిపోయింది. కొత్త నీటిని నేరుగా పొలంలోకి వదలక, ముందు చెరువులో నిలిపి తేర్చే విధానం దాన్ని కాపాడింది. ఉబుంటు ఏప్రిల్ 4న ఇవ్వవలసిన పరీక్షా ప్రతిని ఒక వారం ఆపి, అన్ని భాగాలను మళ్ళీ తయారుచేసుకుని, 11న ఇచ్చింది. అసలు విడుదల మాత్రం ముందు చెప్పిన ఏప్రిల్ 25నే జరిగింది. కాలపట్టికలో ఆపద కోసం కొంత ఎడం మిగుల్చుకున్నవారికే అది సాధ్యం. కాలువను గట్టు అంచు దాకా నింపి నడిపితే ఒక్క వానకే గండి పడుతుంది.

విడుదలలు మరీ తరచుగా ఉండటంలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఫైర్‌ఫాక్స్ 2011లో ఆరు వారాల పద్ధతికి, 2020లో నాలుగు వారాల పద్ధతికి మారింది. కొత్త సౌకర్యాలు, భద్రతా సవరణలు త్వరగా అందడం దీని ప్రయోజనం. చిన్న భాషల అనువాదకులకు మాత్రం పని ఏడాది పొడవునా సాగే ధారగా మారింది. ఆగి ఊపిరి పీల్చుకునే చోటు తగ్గింది. తూము మధ్య విరామం ఎంత ఉండాలన్నది ఒక్క అంకెతో తేలేది కాదు. పంటను, నేలను, మనుషులను చూసి నిర్ణయించుకోవలసినది.

ఈ మెట్ట గ్రామాల నుండి ఎందరో యువకులు, యువతులు ఇంజనీరింగు చదివి జాతీయ రహదారి వెంట హైదరాబాదుకు, అక్కడి నుండి విదేశాలకు వెళ్ళి సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరపడుతున్నారు. వారికి కొత్త సాంకేతిక భాషలు నేర్పే గురువులు దొరుకుతారు. గడువు అంటే ఏమిటో, దాన్ని ఎవరి కోసం పాటించాలో మాత్రం వారి తండ్రులు, తాతలు కాలువ గట్టు మీదనే నేర్చుకున్నారు. తల దగ్గర నిలబడి చూసేవాడికి తూము ఎత్తడమే విడుదల. శివారు రైతు దానిని ఇంకా విడుదల అనడు. నీరు తన మడిలోకి దిగి, నేల తడిసి, పాదం కూరుకున్నప్పుడే అతడు ఆ మాట అంటాడు. సాఫ్ట్‌వేర్‌ను నిర్మించేవారు తేదీలు వ్రాసుకునేటప్పుడు ఆ రైతు లెక్కను కూడా పక్కన వ్రాసుకోగలిగితే, తెలుగు మాత్రమే చదవగలిగిన ఒక పెద్దాయనకో, ఒక పల్లెటూరి పిల్లకో కంప్యూటరు తెర అర్థమయ్యే భాషలో తెరుచుకుంటుంది.